కొత్త సొమ్ము మీద పాత ఈసడింపు: చైనా మాట ‘థూహావ్’

2013 సెప్టెంబరులో చైనా సామాజిక మాధ్యమం వైబోలో ఒక జోకు తెగ తిరిగింది. బాగా సంపాదించిన కుర్రాడొకడు జెన్ గురువు దగ్గరికి వెళ్లి, అన్నీ ఉన్నా మనసు బాగుండటం లేదని మొరపెట్టుకుంటాడు. ఏమేం ఉన్నాయని గురువు అడిగితే, బ్యాంకులో ఎనిమిదంకెల సొమ్ము, బీజింగ్‌లో ఖరీదైన పేట వూదావ్‌ఖోలో మూడు ఇళ్లు అని చెబుతాడు. గురువు మాట్లాడకుండా చేయి చాస్తాడు. ‘కృతజ్ఞత నేర్చుకోమంటున్నారా స్వామీ?’ అంటాడు కుర్రాడు. ‘కాదు థూహావ్, మనం స్నేహం చేద్దామా?’ అంటాడు గురువు. థూహావ్ అంటే, స్థూలంగా, డబ్బు చూపించుకునే కొత్త ధనికుడు.

అదే నెల 10న ఆపిల్ సంస్థ ఐఫోన్ 5ఎస్‌ను ప్రకటించింది. అందులో బంగారు రంగు ఫోను ఒకటి కొత్తగా వచ్చింది. అమ్మకాలు మొదటి రోజే మొదలైన దేశాల్లో ఈసారి చైనా కూడా ఉంది. ఆ రంగుకి అక్కడ ‘థూహావ్ బంగారం’ అని పేరు పడిపోయింది. వెక్కిరింపుగా పెట్టిన పేరే. అయినా జనం ఎగబడింది ఆ రంగు కోసమే. బంగారు రంగును ఎంచుకోవడంలో చైనా కొనుగోలుదారుల ఇష్టానికి కూడా కొంత చోటు ఉందని ఆపిల్ సీఈఓగా టిమ్ కుక్ 2015లో ఒక పత్రికతో చెప్పారు.

చేతినిండా డబ్బు, ఆ డబ్బంతా పదిమందికీ కనబడాలన్న తహతహ, ఏది ఎక్కడ నప్పుతుందో తెలియకపోవడం. ఈ మూడూ ఒకచోట చేరిన మనిషి థూహావ్. అలాంటివాడు కొనే వస్తువుకీ, కట్టే ఇంటికీ, వేసే రంగుకీ కూడా ఆ పేరే విశేషణం. తెలుగులో దీనికి సరిగ్గా సరిపోయే ఒక్క మాట లేదు. ఆర్భాటం, డాబు, హంగామా అనేవి పనిని చెబుతాయి గానీ మనిషిని చెప్పవు. సామెత మాత్రం ఉంది: అల్పుడికి ఐశ్వర్యం వస్తే అర్ధరాత్రి గొడుగు పట్టమన్నాడట. ఎండ లేని వేళ పట్టే గొడుగుతో చూసేవాడికి తప్ప ఎవరికీ పని లేదు. ఆ సామెతలో ఇంకొక కోపం కూడా దాగి ఉంది. గొడుగు రాజలాంఛనం. పుట్టుకతో దానికి హక్కు లేనివాడు పట్టించుకుంటున్నాడన్నదే అసలు బాధ. థూహావ్ అనే మాటలోనూ ఈ రెండూ పెనవేసుకుని ఉన్నాయి.

అందుకే ఈ మాటను వాడేటప్పుడు రెండు వేరువేరు విషయాలను ఒకే గాటన కట్టేస్తుంటారు. తన సొమ్ముతో తన గోడకు బంగారు రంగు వేసుకున్నవాణ్ణి థూహావ్ అంటే అది ఎక్కువగా వర్గపు ఈసడింపు. ప్రజల సొమ్ముతో ఊరి మధ్య కంచు కొండను నిలబెట్టిన అధికారిని అదే మాట అంటే అది న్యాయమైన ఆరోపణ. చైనాలో గత ఇరవై ఏళ్ల చర్చ తరచు మొదటిదాని దగ్గరే ఆగిపోయింది. నష్టం జరిగింది రెండోదాని వల్ల.

ఇక మాట పుట్టుక. ‘థూ’ అంటే మట్టి, స్థానికం, మోటు. ‘హావ్’ అంటే బలవంతుడు, ఘనుడు. మొదటి అక్షరాన్ని కిందికి వంచి లేపి, రెండో అక్షరాన్ని పైకి లాగి పలకాలి. పాత చరిత్ర గ్రంథాల్లో ఇది ఏదో ఒక ప్రాంతంలో బలగమూ భూమీ ఉన్న పెద్దమనిషికి పేరు. 1920లలో అర్థం కరుకెక్కింది. 1927లో మావో హూనాన్ రైతు ఉద్యమంపై రాసిన నివేదికలో రైతులు తిరగబడింది ‘థూహావ్’ల మీద, దుష్ట గ్రామపెద్దల మీద. ఆ తర్వాత ‘థూహావ్‌లను కొట్టండి, పొలాలు పంచండి’ అన్నది విప్లవ నినాదమైంది. మావో రచనలు చదివిన తెలుగువారికి ఈ అర్థం పరిచయమే. మన పెత్తందారు దాదాపు అతనే. 1950ల తొలినాళ్లలో భూసంస్కరణలు ముగిసేసరికి ఆ వర్గం పోయింది, మాట పాఠ్యపుస్తకాల్లో మిగిలింది.

దాన్ని అక్కడినుంచి బయటికి లాగినది ఆన్‌లైన్ ఆటలు. ఆటలో నైపుణ్యంతో కాకుండా డబ్బు పోసి కత్తులూ కవచాలూ కొనుక్కునే ఆటగాణ్ణి మిగతావాళ్లు థూహావ్ అన్నారు. అతని మీద చిరాకూ ఉంటుంది, అతను తమ జట్టులోకి వస్తే బాగుండునన్న ఆశా ఉంటుంది. 2013 జోకులో గురువు చాచిన చేయి ఆ రెండో భావమే. ఈ జంట భావం వల్లనే మాట అంత వేగంగా పాకింది. హోటల్లో అందరి బిల్లూ తానే కట్టిన స్నేహితుణ్ణి ‘థూహావ్!’ అని నవ్వుతూ పిలవవచ్చు, అతను నొచ్చుకోడు.

దీని చుట్టాలను అలా వాడలేం. ‘బావ్‌ఫాహూ’ అంటే ఉన్నట్టుండి డబ్బొచ్చిన కుటుంబం. అది తిట్టు, ఎదురుగా అనకూడదు. ‘సూఛి’ అంటే చవకబారు అభిరుచి వాసన. చీరకో గదికో మనిషికో దేనికైనా అంటుకుంటుంది, దానికి డబ్బుతో పని లేదు. పేదవాడు కొన్న ప్లాస్టిక్ పువ్వూ సూఛే కావచ్చు. ‘హ్వాలిహూషావ్’ రంగుల గందరగోళానికి వాడే మాట. పని తక్కువ, అలంకారం ఎక్కువ అయిన పద్ధతికీ దాన్నే వాడతారు. ‘యెన్‌సూ’, అంటే మెరుపులద్దిన చవకబారుతనం, కళావిమర్శకుల మాట, వీధిలో తక్కువగా వినబడుతుంది. ‘సూ’కి, అంటే చవకబారుతనానికి, ఎదురు నిలిచేది ‘యా’, అంటే సంస్కారవంతమైనది.

ఈ యా, సూ తగవు చాలా పాతది. మింగ్ యుగం చివర, 17వ శతాబ్దం మొదట్లో, సూజౌకి చెందిన వెన్ జెన్‌హెంగ్ 12 భాగాల పుస్తకం రాసి ఇల్లు, తోట, బల్ల, ధూపం, పువ్వు, పండు వరుసగా తీసుకుని ఏది యా, ఏది సూ అని తేల్చి చెప్పాడు. కూజాలో ఒకటి రెండు రకాల పువ్వులే ఉండాలి, మించితే సారా దుకాణంలా ఉంటుందన్నది అతని తీర్పుల్లో ఒకటి. ఇంత వివరంగా రాయాల్సిన అవసరం అప్పుడే ఎందుకొచ్చింది? జపాన్ నుంచీ, స్పెయిన్ ఏలుబడిలోని అమెరికా గనుల నుంచీ వెండి వరదలా వచ్చి యాంగ్‌చీ నది దిగువన వర్తకులు బలిశారు. పండితుల ఇళ్లలో ఉండే పాత చిత్రాలూ కంచు పాత్రలూ వాళ్లూ కొనగలుగుతున్నారు. వస్తువు ఎవరైనా కొనగలిగినప్పుడు తేడా చూపడానికి మిగిలేది దాన్ని ఎలా పెట్టుకున్నారన్నదే. అభిరుచి సూత్రాలు హద్దురాళ్లయ్యాయి. 2013లో థూహావ్ మాటను ఎక్కువగా తిప్పింది కూడా నగరాల్లో చదువుకుని, జీతం మీద బతుకుతూ, వూదావ్‌ఖోలో ఒక్క ఇల్లయినా కొనలేని యువతే అని గుర్తుపెట్టుకోవాలి.

అయితే ఇదంతా ఈసడింపేనని కొట్టిపారేస్తే పొరపాటు. గాఢమైన ఆర్భాటం అనేది నిజంగా కంటికి తగిలే లోపం, దానికి కారణాలు చెప్పవచ్చు. అందుకు అన్నిటికన్నా మంచి ఉదాహరణ బీజింగ్ రాజప్రాసాద మ్యూజియంలో ఉన్న ఒక పింగాణీ కూజా. ఛియెన్‌లోంగ్ చక్రవర్తి కాలంలో (1736–1795) జింగ్‌దెజెన్ కొలిముల్లో తయారైంది. ఎత్తు 86.4 సెంటీమీటర్లు, మూతి వెడల్పు 27.4, అడుగు 33. పైనుంచి కిందికి పదిహేను పట్టీలు, వాటిలో 17 రకాల పూతలూ రంగులూ ఉన్నాయి. సోంగ్ యుగపు రూ, గ్వాన్, గె కొలిముల పూతలకు అనుకరణలున్నాయి. మంటలో రంగులు కలిసి పారే ఎరుపు నీలాల పూత ఉంది. తెల్ల మట్టి మీద కోబాల్టు నీలిరాత, ఊదా నేలమీద ఎనామెల్ పువ్వులు, ముదురు నీలం మీద బంగారు గీత ఉన్నాయి. కడుపు భాగంలో 12 పలకలు: ఆరింటిలో మూడు గొర్రెలు, సూర్యుడికి ఎదురు నిలిచిన ఫీనిక్సు, ఏనుగు వంటి శుభచిత్రాలు, మిగతా ఆరింటిలో స్వస్తిక, గబ్బిలం, లింగ్‌జీ పుట్టగొడుగు వంటి శుభచిహ్నాలు. లోపలి గోడకు లేత పచ్చ పూత. దీన్ని చైనాలో ‘పింగాణీల తల్లి’ అంటారు.

పనితనం విషయంలో దీనికి వంక పెట్టలేం. పూత చల్లబడేటప్పుడు ముడుచుకుంటుంది, దాని కింది మట్టి కూడా ముడుచుకుంటుంది. రెండూ సమానంగా ముడుచుకోకపోతే పూత పగులుతుంది లేదా పెళ్లలుగా లేచిపోతుంది. గె రకం పూత అందమే ఆ పగుళ్లు, అంటే అక్కడ పూత మట్టికన్నా ఎక్కువ ముడుచుకోవాలి. దాని పక్క పట్టీలో మాత్రం ఒక్క పగులు కూడా రాకూడదు. పచ్చనీలపు పూతలకు కొలిమిలో గాలి తగ్గించి పొగమంట పెట్టాలి, లేకపోతే ఇనుము పసుపుకో గోధుమరంగుకో తిరుగుతుంది. ఈ పూతలన్నీ 1200 డిగ్రీలు దాటిన వేడిలో కాలుతాయి. ఎనామెల్ రంగులు ఆ వేడికి కారిపోతాయి కాబట్టి కూజా చల్లారాక వాటిని పూసి 700, 800 డిగ్రీల దగ్గర మళ్లీ కాల్చాలి. బంగారం చిట్టచివర వేయాలి. ఏ దశలో ఏ పట్టీ చెడినా మొత్తం కూజా పోయినట్టే. ఒక్కో రకానికి నూటికి 70 పాళ్లు గెలుపనుకుంటే 17 కలిసి గెలిచే అవకాశం నూటికి 0.23 అని చైనాలో తరచు చెబుతారు. ఆ గుణకారం సరైనదే గానీ 17 పూతలను 17 సార్లు విడివిడిగా కాల్చలేదు కాబట్టి దాన్ని ఉజ్జాయింపుగా కూడా తీసుకోకూడదు. కష్టం ఎంతటిదో చెప్పడానికి ఆ లెక్క అక్కర్లేదు.

మరి ఇంత పనితనం ఉన్న వస్తువు చూడగానే ఎందుకు విసుగనిపిస్తుంది? రూ పూత గొప్పతనం దాని ఖాళీలో ఉంది. మబ్బు విడిచిన ఆకాశపు రంగు, గీత లేని ఉపరితలం, ఆకారం ఒక్కటే మాట్లాడాలి. ఆ పూతను నాలుగు వేళ్ల పట్టీగా కత్తిరించి పైనా కిందా వేరే రంగులు బిగిస్తే అది పూతగా మిగలదు, నమూనా ముక్క అవుతుంది. పట్టీలన్నిటికీ ఒకే ప్రాధాన్యం, కన్ను నిలవడానికి చోటు లేదు. పెళ్లి విస్తరిలో పాయసం మీద పులుసు, పులుసు మీద పెరుగు వడ్డించినట్టు ఒకదాని రుచి ఒకటి చంపుతుంది. వెలితి అనేది లేకపోవడమే దీని లోపం.

ఇక్కడ నిర్ణయం పనివాడిది కాదు, పోషకుడిది. ఛియెన్‌లోంగ్ తండ్రి యోంగ్‌జెంగ్ (1723–1735) కాలపు పింగాణీ ఒకే రంగు పూతలకూ సన్నని గీతకూ పేరుపడింది. 1727లో ఆయన రాజ కర్మాగారానికి పంపిన ఉత్తర్వు సారాంశం ఇది: ఈ మధ్య పని చాలా నేర్పుగానే ఉంది గానీ బయటి దుకాణాల వాసన వేస్తోంది, అంతఃపుర ధోరణిని పోగొట్టవద్దు. 1728లో జింగ్‌దెజెన్‌కు వచ్చిన పర్యవేక్షకుడు థాంగ్ యింగ్ తండ్రికీ కొడుక్కీ ఇద్దరికీ పనిచేశాడు. అవే కొలిములు ఒకరి దగ్గర నిగ్రహాన్నీ, ఇంకొకరి దగ్గర ఆర్భాటాన్నీ కాల్చి తీశాయి. ఛియెన్‌లోంగ్ ఉద్దేశం వేరు. అన్ని యుగాల కొలిములూ నా అదుపులో ఉన్నాయని చాటడం. అది సామ్రాజ్య ప్రకటన, అందానికి అందులో రెండో స్థానమే. నాలుగో శతాబ్దపు దస్తూరి కళాకారుడు వాంగ్ షీజీ రాసిన 28 అక్షరాల చిన్న ఉత్తరం చుట్టూ ఆయన ముద్రలూ వ్యాఖ్యలూ నింపడం కూడా ఆ ధోరణిలోదే. 14వ శతాబ్దపు చిత్రకారుడు హ్వాంగ్ గోంగ్‌వాంగ్ వేసిన ఫూచున్ కొండల చిత్రం విషయంలో అదృష్టం కలిసొచ్చింది. ఛియెన్‌లోంగ్ నకలును అసలనుకుని దానిమీద యాభైకి పైగా వ్యాఖ్యలు రాశాడు, అసలు చిత్రం శుభ్రంగా బతికిపోయింది.

2017 డిసెంబరులో చైనా ప్రభుత్వ టీవీలో మ్యూజియం సంపదపై వచ్చిన కార్యక్రమం ఈ కూజాను తీసుకుని ఛియెన్‌లోంగ్ అభిరుచిని ఆటపట్టించింది. ‘పల్లె విడిది అభిరుచి’ అన్న ఎగతాళి అప్పుడే జనం నోళ్లలో పడింది. పట్నంవాళ్లు శని ఆదివారాలు వెళ్లి బస చేసే రైతుల విడిది ఇళ్లలో ఎర్ర లాంతర్లూ పూలపరదాలూ కలిసిన అలంకరణ ఉంటుంది, అదీ పోలిక. చక్రవర్తిని తిట్టడానికి రైతు ఇంటిని వాడుకున్నారు. యా, సూ తగవులో దెబ్బ చివరికి ఎవరి మీద పడుతుందో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఆ రైతు ఇంటి రంగుల సంగతీ చూడాలి. ఈశాన్య చైనాలో దోంగ్‌బే పూలగుడ్డ ప్రసిద్ధం: ఎర్ర నేల మీద అరచేయంత గులాబీరంగు పియోని పువ్వులు, ముదురు పచ్చ ఆకులు. దుప్పట్లకూ పెళ్లి బొంతలకూ వాడే నూలు గుడ్డ. ఎరుపూ పచ్చా రెండూ పూర్తి గాఢతలో, ఒకే వెలుగు స్థాయిలో పక్కపక్కన పడితే వాటి మధ్య అంచు కన్నుకి వణుకుతున్నట్టు కనబడుతుంది. చైనా జానపద చిత్రకారులకు ఈ చిక్కు బాగా తెలుసు. కొత్త సంవత్సరానికి తలుపులకు అంటించే న్యెన్‌హ్వా చిత్రాల్లో ముందు నల్లగీత దిమ్మె అచ్చు వేస్తారు, ఆ తర్వాతే ఒక్కో రంగు దిమ్మె. నల్లగీత ఎరుపునీ పచ్చనీ విడదీస్తుంది. కొన్నిచోట్ల సన్నని తెల్లసందు వదులుతారు. రెండు రంగులకూ సమాన వైశాల్యం ఇవ్వరు. పూలగుడ్డలో రేకుల అంచున ఉండే తెలుపు చేసే పని అదే. పైగా అది ఏడాదిలో దాదాపు సగం మంచు కప్పేసే ప్రాంతం, బూడిదరంగు గోడల గది, వెలుతురు తక్కువ. అక్కడ ఆ గుడ్డ గది మొత్తానికి వెచ్చదనం ఇస్తుంది. దాన్ని తీసుకెళ్లి గచ్చు మెరిసే హోటల్ హాలులో, బంగారు స్తంభాల మధ్య సోఫాకి తొడిగితే చెడేది గుడ్డ కాదు, గది. 2024 తొలి నెలల్లో ఆ ప్రాంతపు నగరం హర్బిన్‌కు పర్యాటకులు పోటెత్తినప్పుడు అదే గుడ్డతో కుట్టిన కోట్లు వేసుకుని ఫొటోలు దిగారు. సూ అన్న తీర్పు ఎంత త్వరగా తిరగబడగలదో చెప్పడానికి అది చాలు.

కళాకారులు ఈ తిరగబాటును ముందే పట్టుకున్నారు. 1996లో బీజింగ్‌లో జరిగిన ప్రదర్శనలతో, లీ షియెన్‌థింగ్ వంటి విమర్శకుల అండతో ‘యెన్‌సూ కళ’ ఒక ధోరణిగా నిలబడింది. నన్నింగ్‌కు చెందిన లూవో సోదరులు ముగ్గురు న్యెన్‌హ్వా బొద్దుపిల్లల చేతుల్లో కోకకోలా డబ్బాలు పెట్టి లక్క మెరుపుతో చిత్రాలు చేశారు. అందులో కొన్ని మంచివి, చాలావరకు ఒకే ఎత్తుగడ తిరగరాసినవి.

బంగారం విషయానికొస్తే, హోటళ్ల తలుపుల మీదా కరావోకే హాళ్లలోనూ కనబడేదానిలో ఎక్కువ భాగం బంగారం కాదు. స్టెయిన్‌లెస్ స్టీలు రేకు మీద శూన్యంలో టైటానియం నైట్రైడ్ పొర ఎక్కిస్తే ఆ రంగు వస్తుంది. అసలు బంగారు రేకు మైక్రాన్‌లో పదో వంతు మందంలో ఉండి, కింది చెక్క లేదా లక్క ఎగుడుదిగుడులను అనుసరిస్తుంది. అందుకే దాని మెరుపు ఒక్కోచోట ఒక్కోలా మెత్తగా ఉంటుంది. స్టీలు రేకు అద్దంలా ఒకే తీరున కొడుతుంది. కాస్త వంగినా దాని ప్రతిబింబం అలల్లా చెదురుతుంది, ప్రతి అతుకూ ప్రతి వేలిముద్రా కనబడుతుంది. ఇంకా చవగ్గా ఇత్తడి పొడి రంగు వేస్తే కొన్నేళ్లకు గోధుమరంగుకి దిగిపోతుంది. థూహావ్ బంగారం కంటికి కరుగ్గా తగలడానికి సగం కారణం ఈ పదార్థాలే.

2013లోనే ఈ మాట పేలడానికి సందర్భమూ తోడైంది. 2000 తర్వాత బొగ్గు ధర పెరిగి షాన్షీ గని యజమానులు కోట్లకు పడగలెత్తారు. నగర శివార్లలో ఇళ్లు కూల్చినందుకు వచ్చిన పరిహారంతో కొన్ని రైతు కుటుంబాలు రాత్రికి రాత్రే ధనికులయ్యాయి. 2012 డిసెంబరులో పార్టీ నాయకత్వం అధికారుల దుబారాపై ఎనిమిది అంశాల నియమావళి తెచ్చింది. 2013 జులైలో కొత్త ప్రభుత్వ భవనాల నిర్మాణాన్ని అయిదేళ్లు ఆపేశారు. ఆర్భాటాన్ని బయటికి తిట్టడం అప్పుడు రాజకీయంగా కూడా సురక్షితమైంది. ఒక ఇబ్బంది ఏమిటంటే, తిట్టు తగిలినవాళ్లలో ఎక్కువమంది బొగ్గు యజమానులూ, పరిహారం అందుకున్న రైతులూ. భవనాలు కట్టించిన అధికారులకు దానిలో పడిన వాటా తక్కువ.

భవనాల్లో సొంత సొమ్ముతో కట్టినవాటిని త్వరగా దాటవచ్చు. హెబే రాష్ట్రం లాంగ్‌ఫాంగ్ పరిధిలో థియెన్‌జీ హోటల్ భాగ్యం, పదవి, ఆయుష్షు ఇచ్చే ముగ్గురు దేవతల ఆకారంలో 41.6 మీటర్లు ఉంటుంది. ఆయుష్షు దేవుడి చేతిలోని పీచ్ పండులో ఒక గది. షెన్‌యాంగ్‌లో పాత రాగినాణెం ఆకారంలో ఫాంగ్‌యువాన్ భవనం. గ్వాంగ్‌జౌలో 138 మీటర్ల వలయాకారపు బంగారు రంగు భవనానికి మూలం జేడ్ బిళ్ల అని వాస్తుశిల్పి చెప్పాడు, జనం దాన్ని రాగినాణెం అన్నారు. జియాంగ్‌సూలోని హ్వాషీ గ్రామం 2011లో 328 మీటర్ల హోటల్ తెరిచి, 60వ అంతస్తులో టన్ను బరువు బంగారు ఎద్దును నిలబెట్టింది. ఇవి వికారంగా ఉన్నాయని అనవచ్చు, కొన్ని నిజంగానే వికారంగా ఉన్నాయి. కానీ దేవతల హోటల్ కట్టినవాడు తన బాడుగదార్లకు తప్ప ఎవరికీ జవాబుదారీ కాదు. అలాంటివాటి మీద ఖర్చు చేసిన వెటకారంలో కొంతైనా జింగ్‌జౌ మీద ముందే పెట్టి ఉంటే బాగుండేది.

హూబే రాష్ట్రంలోని జింగ్‌జౌ పాత ప్రాకార నగరం. మూడు రాజ్యాల కాలపు యోధుడు గ్వాన్ యూ కాపాడిన ఊరు. 2016లో అక్కడ ఆయన కంచు విగ్రహం పూర్తయింది. పీఠంతో కలిపి ఎత్తు 57.3 మీటర్లు. 1,200 టన్నులకు పైగా కంచు, నాలుగు వేలకు పైగా రేకులు అతికించి చేశారు. చేతిలోని కత్తి ఒక్కటే 70 మీటర్ల పొడవు, 136 టన్నుల బరువు. ఖర్చు సుమారు 17 కోట్ల యువాన్లు. చారిత్రక నగర రక్షణ ప్రణాళిక ఆ ప్రాంతంలో కట్టడాల ఎత్తుకు 24 మీటర్ల హద్దు పెట్టింది. విగ్రహం దానికి రెండింతలు దాటింది.

అది ఎలా లేచిందన్నదే అసలు విషయం. అనుమతి తీసుకున్నది కింది పీఠానికి. మీదున్నది కట్టడం కాదు, కళాఖండం, దానికి భవన అనుమతి అక్కర్లేదని లెక్క వేశారు. కళాఖండానికి ఎత్తు హద్దు చెప్పే నిబంధన అప్పటికి స్పష్టంగా లేదు. పర్యాటకం పేరుతో భూమి, అప్పు, పెట్టుబడి కదిలాయి. స్థానిక అధికారి పదవీకాలం కొన్నేళ్లే, ఆ లోపు కంటికి కనబడే పని ఒకటి నిలబడాలి. మురుగు కాలువ వేస్తే ఫొటో ఉండదు. ఇంత ఎత్తు విగ్రహం పాత ప్రాకారం పక్కన నిలిస్తే ప్రాకారం బొమ్మ గోడలా చిన్నబోతుంది, నగరాన్ని చూడటానికి వచ్చినవాడి కన్ను దాని మీదే పడుతుంది. పదిహేను పట్టీల కూజాలో రూ పూతకు పట్టిన గతే ఇక్కడ ఆ ఊరికి పట్టింది.

2020 అక్టోబరులో గృహనిర్మాణ మంత్రిత్వ శాఖ ఈ విగ్రహం నగరపు చారిత్రక రూపాన్ని చెడగొట్టిందని పేరుపెట్టి తప్పుపట్టింది. 2021లో దాన్ని విప్పి ఊరి బయట ఇంకొక చోటికి తరలించే పని మొదలైంది. తరలింపు అంచనా సుమారు 15.5 కోట్ల యువాన్లు. కట్టడానికయినదాంట్లో సుమారు పదో వంతు మాత్రమే తక్కువ. పార్టీ క్రమశిక్షణ సంఘం కూడా ఈ లెక్కను బహిరంగంగా ఎత్తిచూపింది. దానికి ముందు, 2020 జులైలో, గ్వెయ్‌జౌలోని దూషాన్ కౌంటీ సంగతి ఒక వీడియో ద్వారా దేశమంతా తెలిసింది. ఏటా వంద కోట్ల యువాన్ల ఆదాయం కూడా లేని కౌంటీ 4,000 కోట్ల యువాన్ల అప్పులో ఉంది. అందులో భాగంగా లేచిన 99.9 మీటర్ల చెక్క అలంకారపు భవనం సగంలో నిలిచిపోయి ఉంది. అక్కడి మాజీ పార్టీ కార్యదర్శి లంచాల కేసులో జైలుకు వెళ్లారు.

పైనుంచి ఆదేశాలు రాకపోలేదు. వింత భవనాలు వద్దని షీ జిన్‌పింగ్ 2014 అక్టోబరులో సాహిత్య కళా సమావేశంలో అన్నారు. 2016 ఫిబ్రవరి మార్గదర్శకాలు భవనాలకు నాలుగు గుణాలు చెప్పాయి: వాడకానికి తగినవి, పొదుపైనవి, పర్యావరణానికి మేలైనవి, చూడచక్కనివి. 2020 ఏప్రిల్ నోటీసు భారీతనపు యావ, విదేశీ మోజు, వింతపోకడలను తప్పుపట్టి, 500 మీటర్లు దాటిన భవనాలను అడ్డుకుంది. ఇలాంటి మాటలతో ఒక చిక్కుంది. వింత అంటే ఏమిటో కొలిచే కర్ర లేదు. జింగ్‌జౌ అధికారులు తమ విగ్రహాన్ని వింత అనుకోలేదు, సంప్రదాయమనుకున్నారు. ఎత్తు, అనుమతి, అప్పు అనేవి మాత్రం కొలవవచ్చు.

ఇదే తేడా ఇంటర్నెట్‌లోనూ కనబడుతుంది. 2024 మేలో చైనా వేదికలు తమ నగలూ కార్లూ సంచులూ చూపించి లక్షల మంది అభిమానులను పోగేసుకున్న కొందరి ఖాతాలను మూసేశాయి. ఒకతను పది మిలియన్ యువాన్ల విలువైన బట్టలూ నగలూ లేకుండా ఇల్లు కదలనని చెప్పుకునేవాడు. ఆ ఖాతా పోయినందువల్ల కౌంటీ అప్పు ఒక్క యువాను కూడా తగ్గదు. ఆదాయాల తేడా వల్ల పుట్టిన కోపానికి కనబడే ముఖాన్ని తుడిచేయడమే అది.

జింగ్‌జౌ సందులోంచి జారిపోయిన దారిని మూసింది వేరే కాగితం. మంత్రిత్వ శాఖ 2020 సెప్టెంబరు చివర పెద్ద నగర విగ్రహాలపై ఇచ్చిన నోటీసు 10 మీటర్ల ఎత్తు లేదా 30 మీటర్ల వెడల్పు దాటినవాటిని భారీ విగ్రహాల కింద చేర్చి ప్రణాళిక, నిర్మాణ నియంత్రణలోకి తెచ్చింది. 30 మీటర్ల ఎత్తు లేదా 45 మీటర్ల వెడల్పు మించేవాటిని గట్టిగా అదుపు చేయమంది. కళాఖండం అన్న పేరు ఇప్పుడు అనుమతికి ప్రత్యామ్నాయం కాదు. అప్పటికి గ్వాన్ యూ విగ్రహం నిలబడి నాలుగేళ్లయింది.